పైన ఒక చెట్టు, కింద మరో చెట్టు

లండన్ హీత్రూ విమానాశ్రయానికి పడమటి పక్కన కోల్‌న్‌బ్రూక్ అని ఒక చిన్న ఊరుంది. దాన్ని ఆనుకుని స్లౌ పట్టణం. ఉద్యోగాల మీద ఇంగ్లండు వెళ్లిన మన తెలుగువాళ్లు కొందరు ఆ చుట్టుపక్కలే కాపురాలు పెట్టుకున్నారు. రెండు వందల ఏళ్ల కిందట, 1825 ప్రాంతంలో, ఆ ఊళ్లో రిచర్డ్ కాక్స్ అనే పెద్దాయన ఉండేవాడు. బీరు కాచే వ్యాపారం చేసి, దాన్ని వదిలిపెట్టి, తోటపనితో కాలం గడుపుదామని అక్కడికి వచ్చాడు. ఆయన కుండీలో యాపిల్ గింజలు నాటాడు. వాటిలో ఒకటి మొలిచి, పెరిగి, కాసిన కాయ పేరే కాక్స్ ఆరెంజ్ పిప్పిన్. పచ్చిగా కొరుక్కు తినే యాపిళ్లలో దీన్ని మించింది లేదని ఇంగ్లండు తోటవాళ్లు ఇప్పటికీ వాదిస్తారు.

కాక్స్ 1845లో పోయాడు. ఆయన నాటిన చెట్టూ పోయింది. అయినా ఈ శరదృతువులో కెంట్ జిల్లా తోటలో ఎవరైనా కాక్స్ యాపిల్ కోసుకు తింటే, అది ఆ కుండీలో మొలిచిన మొక్క కాయే. దాని మనవడో మునిమనవడో కాదు, సాక్షాత్తూ అదే మొక్క. కొమ్మ కోసి ఇంకో చెట్టుకు కట్టారు. ఆ చెట్టు కొమ్మ కోసి మరో చెట్టుకు కట్టారు. రెండు వందల ఏళ్లుగా ఆ ఒక్క మొక్కే వేరువేరు వేళ్ల మీద బతుకుతూ వస్తోంది.

పెరట్లో యాపిల్ చెట్టు పెంచుదామనుకునేవాళ్లు మొదట పట్టుకోవలసిన విషయం ఇదే. మనం నర్సరీలో కొనే యాపిల్ మొక్క ఒక చెట్టు కాదు, రెండు. పైన ఉన్నది రుచి ఇస్తుంది. కింద ఉన్నది ఎత్తును నిర్ణయిస్తుంది. కాయ కాయాలంటే మూడో చెట్టు ఎక్కడో దగ్గర్లో ఉండాలి. ఈ మూడింటినీ గుంట తవ్వకముందే ఎంచుకోవాలి. ఇక్కడ పొరపాటు జరిగితే ఆ తర్వాత ఎన్ని ఎరువులు వేసినా, ఎంత కత్తిరించినా సరిదిద్దడం కష్టం.

ఏ యాపిల్?

మనకు మామిడిలో ఉన్న తేడా అక్కడివాళ్లకు యాపిల్‌లో ఉంది. ఆవకాయకు కొత్తపల్లి కొబ్బరి కావాలి. పిసికి రసం పీల్చుకోవడానికి చెరుకు రసం కావాలి. ఒకదాని పని ఇంకొకటి చేయదు. అలాగే ఇంగ్లండులో వంట యాపిల్ వేరు, భోజనం అయ్యాక కోసుకు తినే డెజర్ట్ యాపిల్ వేరు. వంట యాపిళ్లలో పేరున్న బ్రామ్లీ నోట్లో పెట్టుకుంటే చింతకాయ పులుపు. ఉడికిస్తే మెత్తగా నురగలా విచ్చుకుంటుంది. అదీ గింజ నుంచి వచ్చిందే. 1809లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్‌లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే అమ్మాయి ఆ గింజ నాటింది. పేరు మాత్రం తర్వాత ఆ ఇల్లు కొన్న మాంసం వ్యాపారి మాథ్యూ బ్రామ్లీది వచ్చింది. గింజ నాటిన అమ్మాయి పేరు కాయకు దక్కకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

డెజర్ట్ యాపిల్‌కు తీపి ఒక్కటే చాలదు. తీపికి దీటుగా పులుపు ఉండాలి. ఆ పులుపు మాలిక్ ఆమ్లానిది. దానికి తోడు వాసన ఉండాలి. పంటి కింద కండ కరకరలాడాలి. కొరికినప్పుడు కణాలు పగిలి రసం చిమ్మితే అది కరకరలాడే కాయ. కణాలు పగలకుండా ఒకదాన్నొకటి విడిచి జారిపోతే అది పిండిపిండిగా ఉండే కాయ. కాయ ముదిరి నిలవ ఉన్నకొద్దీ కణాలను అతికి ఉంచే పెక్టిన్ కరిగిపోతుంది. దుకాణంలో నెలల తరబడి ఉన్న యాపిల్ నోట్లో ఉప్పుడు పిండిలా అనిపించడానికి కారణం అదే.

గింజ ఎందుకు మాట నిలబెట్టుకోదు

కాక్స్ కాయ తిని, దాని గింజలు పది నాటితే పది రకాల చెట్లు వస్తాయి. ఒక్కటి కూడా కాక్స్ కాదు. చాలావాటి కాయలు చిన్నవిగా, పుల్లగా, వగరుగా ఉంటాయి. టెంక నాటిన మామిడి ఎలా కాస్తుందో తెలియదని మన పెద్దలు అంటుకట్టిన మొక్కే తెచ్చుకునేవాళ్లు. యాపిల్‌లో ఆ అనిశ్చితి ఇంకా ఎక్కువ. ఎందుకంటే యాపిల్ పువ్వు సగోత్రాన్ని ఒప్పుకోదు.

ఇది ఉపమానం కోసం అన్న మాట కాదు, దాదాపు అక్షరాలా నిజం. యాపిల్ చెట్టులో ఎస్ అనే జన్యువు ఉంటుంది. దానికి చాలా రూపాలున్నాయి. వాటికి అంకెలు వేశారు. ప్రతి మామూలు చెట్టులో రెండు రూపాలుంటాయి. కాక్స్‌లో ఎస్5, ఎస్9. గోల్డెన్ డెలిషస్‌లో ఎస్2, ఎస్3. పుప్పొడి రేణువులో మాత్రం ఆ రెండింటిలో ఏదో ఒకటే ఉంటుంది. రేణువు పువ్వు కీలాగ్రం మీద పడి, సన్నని గొట్టంలా కిందికి పెరుగుతూ అండం వైపు సాగుతుంది. ఆ దారిలో పువ్వు తన ఎస్ జన్యువులు తయారుచేసిన ఎంజైములను దాని మీదికి వదులుతుంది. అవి గొట్టంలోని ఆర్ఎన్ఏను ముక్కలు చేసే ఎంజైములు. పుప్పొడి దగ్గర వాటికి విరుగుడు ఉంది, కానీ ఆ విరుగుడు పరాయి ఎంజైముల మీదే పనిచేస్తుంది. తన గోత్రం ఎంజైమును ఆపలేక ఆ గొట్టం సగం దారిలోనే ఆగిపోతుంది.

అందువల్ల ఒక వీధి నిండా కాక్స్ చెట్లు నాటినా సరైన కాపు రాదు. అన్నీ ఒకే మొక్క ముక్కలు కదా! దాని పక్కన గోల్డెన్ డెలిషస్ ఉంటే ప్రతి రేణువూ పనికొస్తుంది. జేమ్స్ గ్రీవ్ అనే పాత స్కాట్లండు రకంలో ఉన్నవి ఎస్5, ఎస్8. దాని పుప్పొడిలో ఎస్5 ఉన్న సగాన్ని కాక్స్ తిప్పికొడుతుంది, ఎస్8 ఉన్న సగాన్ని రానిస్తుంది. ఆ సగం చాలు. తోటవాళ్లు జన్యువుల సంగతి తెలియకముందే ఈ రెండింటినీ పక్కపక్కన నాటి చక్కటి కాపు తీశారు.

ఈ కట్టుబాటు వల్ల ప్రతి యాపిల్ గింజకూ తల్లి ఒకరు, తండ్రి మరొకరు. తరతరాలుగా ఇలా కలగాపులగం కావడంతో ప్రతి చెట్టులోనూ బయటికి కనిపించని లక్షణాలు ఎన్నో దాగి ఉంటాయి. గింజలో అవి కొత్త వరసలో బయటపడతాయి. మధ్య ఆసియాలోని తియాన్‌షాన్ పర్వతాల్లోని మాలస్ సీవర్సీ అనే అడవి యాపిల్ వనాలు ఈ మాటకు సాక్ష్యం. 1929లో రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ కజకిస్తాన్‌లోని అల్మాటీ దగ్గర ఆ చెట్లను చూసి, పెంపుడు యాపిల్ పుట్టిల్లు ఇదేనని గుర్తించాడు. తర్వాత జన్యు పరిశోధనలు ఆయన మాటను బలపరిచాయి. ఆ అడవిలో పక్కపక్క చెట్లు కూడా రంగులో, పరిమాణంలో, రుచిలో ఒకదానితో ఒకటి పోలవు.

కింది చెట్టు

గింజ మీద నమ్మకం లేదు కాబట్టి కొమ్మ మీద ఆధారపడ్డారు. అంటు కట్టే విద్య రోమన్లకే బాగా తెలుసు. కోసిన రెండు ముక్కల్లో బెరడు కింద పచ్చగా ఉండే పలుచని పొర ఒకటి ఉంటుంది. పేరు కేంబియం. ఒకదాని కేంబియం రెండోదాని కేంబియానికి తగిలేలా పెట్టి గట్టిగా కడితే కణాలు విభజన చెంది, గొట్టాలు కలిసి, నీళ్లు పైకి, చక్కెరలు కిందికి పారడం మొదలవుతుంది. పైముక్క ముదురు చెట్టుది కాబట్టి దానికి బాల్యం ఉండదు. గింజ చెట్టు కాపుకు ఆరేడేళ్లో పదేళ్లో పట్టే చోట, అంటు చెట్టు రెండు మూడేళ్లకే పూస్తుంది.

ఇంతవరకు మన మామిడి అంటు కథే. యాపిల్‌లో ఇంకో విశేషం ఉంది. వేరుమొక్కను బట్టి పైచెట్టు ఎత్తు మారిపోతుంది. పొట్టి చెట్లనిచ్చే వేరుమొక్కలు యూరప్‌లో వందల ఏళ్లుగా ఉన్నాయి. ప్యారడైస్ అని, డూసిన్ అని పేర్లు. కానీ నర్సరీల్లో అవన్నీ కలిసిపోయి, పొట్టిదని కొన్న చెట్టు ఇంటి కప్పు దాటేది. కెంట్ జిల్లా ఈస్ట్ మాలింగ్‌లో 1913లో పరిశోధనా కేంద్రం పెట్టారు. అక్కడ రొనాల్డ్ హాటన్ అనే శాస్త్రవేత్త ఆ వేరుమొక్కలను అన్నిచోట్ల నుంచీ తెప్పించి, నాటి, పోల్చి చూసి, ఒక్కొక్కదానికి నంబరు ఇచ్చాడు. ఎమ్ అంటే మాలింగ్. పండ్ల శాస్త్రంలో ఇంత ఓపికైన పని, ఇంత మేలు చేసిన పని మరొకటి అరుదని నా అభిప్రాయం. ఇవాళ ప్రపంచమంతటా దట్టంగా నాటే యాపిల్ తోటల్లో చాలా భాగం ఆయన వేరుచేసి చూపిన ఎమ్9 మీదో, దాని సంతతి మీదో నిలబడి ఉన్నాయి.

పెరటి లెక్కలో చెప్పాలంటే, ఎమ్27 మీద కట్టిన చెట్టు మనిషి ఎత్తు దాటదు, పెద్ద కుండీలోనూ ఒదుగుతుంది. ఎమ్9 మీద సుమారు ఎనిమిది అడుగులు. ఎమ్26 మీద పది అడుగుల దాకా. ఎమ్ఎమ్106 మీద పన్నెండు, పదమూడు. ఎమ్25 మీదైతే నిచ్చెన వేసుకుని కోయవలసిన పాతకాలపు మహావృక్షం. ఎమ్ఎమ్ అంటే మాలింగ్-మెర్టన్. మెర్టన్‌లోని జాన్ ఇన్నెస్ సంస్థతో కలిసి తయారుచేసినవి. దూది కప్పుకున్నట్టు తెల్లగా కనిపించే ఒక పేనుబంక యాపిల్ వేళ్లను, కొమ్మలను పీల్చేస్తుంది. దాన్ని తట్టుకునే నార్దర్న్ స్పై అనే అమెరికా రకాన్ని సంకరం చేసి ఈ వరసను సృష్టించారు.

పొట్టి వేరు పైచెట్టును ఎలా పొట్టి చేస్తుంది? పోషకాలు చాలక అని చాలామంది అనుకుంటారు. అంత సులువు కాదు. చిగుళ్లలో పుట్టే ఆక్సిన్ అనే హార్మోను బెరడు గుండా వేళ్లకు దిగాలి. అది వేళ్లకు చేరితే వేళ్లు పెరిగి, చిగుళ్లను పెంచే హార్మోన్లను పైకి పంపిస్తాయి. ఎమ్9 బెరడులో ఆక్సిన్ నెమ్మదిగా కదులుతుంది. పైనుంచి కబురు ఆలస్యమైతే కింది నుంచి జవాబూ తగ్గుతుంది. కొమ్మల పెరుగుదల త్వరగా ఆగిపోతుంది. ఆగిన చోట మొగ్గలు పూమొగ్గలుగా మారతాయి. అందుకే పొట్టి చెట్టు త్వరగా కాస్తుంది, ఒంటికి మించి కాస్తుంది. వేళ్లు పలచగా, పెళుసుగా ఉంటాయి కాబట్టి ఎమ్9 చెట్టుకు బతికినన్నాళ్లూ ఊతకర్ర ఉండాలి.

ఇక్కడే చాలామంది చేసే తప్పు ఒకటుంది. మొక్క గట్టిగా నిలబడాలని అంటు కట్టిన చోటు మునిగేదాకా మట్టి కప్పుతారు. అప్పుడు పైముక్క తన సొంత వేళ్లు వేసుకుంటుంది. కింది వేరుతో దానికిక పనిలేదు. ఎనిమిది అడుగుల చెట్టు అనుకున్నది పాతికడుగులకు ఎగబాకుతుంది. కణుపులా ఉబ్బి కనిపించే ఆ అతుకు ఎప్పుడూ మట్టికి నాలుగంగుళాలు పైనే ఉండాలి.

చలిని లెక్కపెట్టే మొగ్గ

మన ఊళ్లో యాపిల్ ఎందుకు కాయదు? ఎండకు తట్టుకోలేక అని సాధారణంగా చెబుతారు. అసలు కారణం చలి చాలకపోవడం. వచ్చే వసంతంలో పూయవలసిన మొగ్గ ముందటి వేసవిలోనే తయారై, శరదృతువులో నిద్రపోతుంది. ఆ నిద్ర కొన్ని వందల గంటల చలి తిన్నాకే వదులుతుంది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో గడిచిన గంటలను తోటవాళ్లు చలి గంటలుగా లెక్కిస్తారు. చాలా యాపిల్ రకాలకు 800 నుంచి 1,200 గంటలు కావాలి. జనవరిలో నాలుగు రోజులు ఎండకాసిందని మొగ్గ మోసపోయి విచ్చుకుంటే ఫిబ్రవరి మంచుకు మాడిపోతుంది. మొగ్గ పెట్టుకున్న ఈ లెక్క చలిదేశపు చెట్టుకు ప్రాణరక్ష.

అదే లెక్క వేడిదేశంలో దానికి అడ్డం. హైదరాబాదు మేడ మీద కుండీలో కాక్స్ నాటితే అది చావకపోవచ్చు. ఆకులు అక్కడొకటి ఇక్కడొకటి వేసి, పూత లేకుండా ఏళ్లు గడుపుతుంది. లంబసింగిలో కొన్ని రాత్రులు గడ్డకట్టే చలి పడుతుంది, నిజమే. కానీ పగటి వేడి రాత్రి చలి లెక్కను కొంత చెరిపేస్తుంది. వందల గంటలు కూడబెట్టాలంటే ఆ కొన్ని రాత్రులు చాలవు.

తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలు లేకపోలేదు. ఇజ్రాయెల్‌లో పుట్టిన అన్నా, బహామాస్ దీవుల్లో దొరికిన డార్సెట్ గోల్డెన్ అలాంటివి. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్ బిలాస్‌పూర్ జిల్లా పనియాలా గ్రామ రైతు హరిమన్ శర్మ, యాపిల్ పండదనుకున్న తక్కువ ఎత్తు కొండల్లో ఎంపిక చేసి నిలబెట్టిన రకం హెచ్ఆర్ఎమ్ఎన్-99. ఆయనకు 2025లో పద్మశ్రీ వచ్చింది. ఆ రకం మైదానాలకు దిగింది. తెలంగాణలోని కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల సహకారంతో పెంచిన తోట 2020లో కాపుకొచ్చింది. ఇది చిన్న విషయం కాదు. అయితే అక్కడ కాయ మండువేసవిలో పండుతుంది. తొక్కకు ఎరుపునిచ్చే ఆంథోసయనిన్ రంగు బాగా పట్టాలంటే ఎండతో పాటు చల్లటి రాత్రులు కావాలి. కాబట్టి మైదానపు యాపిల్‌ను సిమ్లా యాపిల్ రంగుతో పోల్చి తీసిపారేయడం అన్యాయం.

పెరటికి నేను ఎంచేవి

ఇంగ్లండు లాంటి చల్లటి, తడి దేశంలో పెరడు ఉన్నవాళ్ల సంగతికి వద్దాం. పేరు విని కాక్స్ నాటవద్దని నా సలహా. దానికి స్కాబ్ మచ్చ తెగులు, బూడిద తెగులు, కొమ్మను తినే కాంకర్ అన్నీ వస్తాయి. మందు కొట్టకుండా పెంచాలనుకునేవాళ్లకు అది నిరాశ మిగులుస్తుంది. కాక్స్ రుచికి దగ్గరగా ఉండి, దానికంటే ఆరోగ్యంగా పెరిగేది సన్‌సెట్. కాక్స్ గింజ నుంచే కెంట్‌లో పుట్టింది. దానికి తోడుగా డిస్కవరీ.

డిస్కవరీ కథ చెప్పకుండా ముందుకు పోలేను. 1949 ప్రాంతంలో ఎసెక్స్‌లోని లాంగమ్‌లో డమ్మర్ అనే తోట పనివాడు వోర్సెస్టర్ పియర్‌మెయిన్ గింజలు నాటి, మొలిచినవాటిలో మంచిదొకటి ఇంటి ముందు నాటుకుందామనుకున్నాడు. ఆయనకు ఒక్క చెయ్యే ఉంది. సాయం పట్టిన భార్య జారిపడి చీలమండ విరగ్గొట్టుకుంది. మొక్కను అలాగే వదిలి, వేళ్ల మీద గోనెపట్టా కప్పి వాళ్లు ఆమె వైద్యం పనిలో పడ్డారు. మంచు కురిసే చలికాలంలో వారాల తరబడి నేల మీదే పడి ఉన్న ఆ మొక్క బతికింది. తర్వాత ఒక నర్సరీ యజమాని కంటపడి దేశమంతా పాకింది. ఎర్రటి తొక్క, ఆ ఎరుపు కొంత కండలోకి కూడా దిగుతుంది. స్కాబ్‌ను బాగా తట్టుకుంటుంది.

ఈ రెండూ ఎమ్26 మీద కట్టినవి అయితే పదడుగుల ఎడంలో మామూలు పెరట్లో ఒదుగుతాయి. రెండూ ఒకే సమయంలో పూస్తాయి. ఒక్క చెట్టుకే చోటుంటే, ఒకే వేరు మీద రెండు మూడు రకాలు కట్టిన చెట్టు దొరుకుతుంది. పక్కింటి పెరట్లో యాపిల్ చెట్టో క్రాబ్ యాపిల్ చెట్టో ఉన్నా తేనెటీగలకు గోడ అడ్డం కాదు. బ్రామ్లీ మాత్రం తోడుగా పనికిరాదు. అందులో క్రోమోజోములు రెండు వరసలకు బదులు మూడు వరసలు. దాని పుప్పొడి చాలావరకు వట్టిపోయింది.

నాటడం చలికాలంలో, నవంబరు నుంచి మార్చి లోపు. అప్పుడు ఆకులుండవు, నీటి ఖర్చు ఉండదు కాబట్టి మట్టి లేకుండా ఒట్టి వేళ్లతో తవ్వి తెచ్చిన మొక్క సులువుగా నిలదొక్కుకుంటుంది. అలాంటివి కుండీ మొక్కల కంటే చవక కూడా. పాత యాపిల్ చెట్టు తీసేసిన గుంటలో కొత్తది నాటకూడదు. ఆ మట్టిలో పేరుకున్న శిలీంధ్రాలు, నులిపురుగులు లేత వేళ్లను ఎదగనివ్వవు. పాదు చుట్టూ మూడడుగుల మేర గడ్డి లేకుండా ఉంచాలి. ఎరువు కంటే ఇది ముఖ్యం. పొట్టి వేరుకు గడ్డితో నీటికి పోటీపడే శక్తి లేదు. మొదటి వేసవి నీళ్లు మరవకూడదు.

కత్తిరింపు గురించి పుస్తకాలకు పుస్తకాలు ఉన్నాయి. వాటన్నిటి కింద ఉన్న సూత్రం చిన్నది. నిటారుగా నిలబడ్డ కొమ్మ పెరుగుతుంది, వాలిన కొమ్మ కాస్తుంది. నిలువు కొమ్మలో కొసమొగ్గ నుంచి దిగే ఆక్సిన్ కింది మొగ్గలను అణిచిపెడుతుంది. కొమ్మను వంచితే ఆ పెత్తనం సడలి, పొడవునా మొగ్గలు పొట్టి పొట్టి పూత కణుపులుగా మారతాయి. కత్తెర పట్టడానికి భయపడేవాళ్లు తాడు కట్టి కొమ్మను వంచినా సగం పని అయినట్టే. చలికాలంలో గట్టిగా కత్తిరిస్తే చెట్టు వేళ్లలో దాచుకున్న నిలవనంతా మిగిలిన కొద్ది మొగ్గల మీద పెట్టి, వసంతంలో కర్రల్లాంటి రెమ్మలు తోస్తుంది. ఆగస్టులో కత్తిరిస్తే ఆకులు పోతాయి, నిలవ తగ్గుతుంది, చెట్టు నెమ్మదిస్తుంది. గోడ వారగా అడ్డంగా పరిచి పెంచే చెట్లకు వేసవి కత్తిరింపే ప్రాణం.

పూత, పిందె, పండు

ఏప్రిల్ చివర, మే మొదట్లో పూత. ఒక్కో గుత్తిలో అయిదారు పువ్వులు. నడిమి పువ్వు ముందు విచ్చుకుంటుంది. తోటవాళ్లు దాన్ని రాజపువ్వు అంటారు. పెద్ద కాయ దాని నుంచే వస్తుంది. విచ్చిన పువ్వుకు సున్నాకు రెండు డిగ్రీల దిగువన చలి తగిలితే లోపలి అండాశయం నల్లబడుతుంది. పొట్టి చెట్టుకు ఇక్కడ మేలుంది. మంచు పడే రాత్రి పాత దుప్పటి కప్పేయవచ్చు.

పువ్వులో అయిదు గదులు, గదికి రెండు అండాలు. పదీ ఫలదీకరణం చెందితే కాయ గుండ్రంగా వస్తుంది. ఒకవైపు గింజలు కట్టకపోతే కాయ ఆ పక్కకు వంకర పోతుంది. గింజలు విడుదల చేసే హార్మోన్లే చుట్టూ ఉన్న కండను పెంచుతాయి. వంకర యాపిల్‌ను అడ్డంగా కోసి చూడండి, ఖాళీ గది ఏ వైపు ఉందో తెలుస్తుంది. మనం తినే కండ నిజానికి పండు కూడా కాదు. పువ్వు కింది గిన్నెలాంటి భాగం ఉబ్బి కండ అయింది. వృక్షశాస్త్రం ప్రకారం అసలు పండు మనం పారేసే గింజల గది.

జూన్‌లో చెట్టు తనంతట తానే కొన్ని పిందెలు రాలుస్తుంది. చూసి కంగారు పడనక్కరలేదు. అది చాలక మనం కూడా తుంచాలి. పిందెకు పిందెకు నాలుగు నుంచి ఆరంగుళాల ఎడం ఉండేలా గుత్తికి ఒకటీ, మహా అయితే రెండూ వదలాలి. చేతులు రావు, నాకు తెలుసు. కానీ లెక్క ఇలా ఉంది. కాయలో ఎన్ని కణాలుండాలో పూత రాలిన నెల, నెలన్నరలోనే తేలిపోతుంది. ఆ తర్వాత కణాలు ఉబ్బడమే. కాబట్టి ఆలస్యంగా తుంచితే కాయ పరిమాణం అంతగా పెరగదు. రెండో లెక్క ఇంకా ముఖ్యం. వచ్చే ఏటి పూమొగ్గలు ఈ వేసవిలోనే రూపుదిద్దుకోవాలి. గింజల నుంచి వచ్చే జిబ్బరెల్లిన్ అనే హార్మోను పక్క మొగ్గ పూమొగ్గ కాకుండా ఆపుతుంది. పిందెలన్నీ ఉంచితే ఈ ఏడు విరగకాపు, పై ఏడు ఒట్టి ఆకులు. ఏడాది విడిచి ఏడాది కాసే మామిడిని చూసినవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. యాపిల్‌లో దాన్ని మన చేతులతో ఆపవచ్చు.

కాయ తొలిచే పురుగు కాడ్లింగ్ మాత్ అనే రెక్కల పురుగు పిల్ల. గింజల గదిలోకి దూరి, తిని, బయటికొచ్చి బెరడు పగుళ్లలో గూడు కట్టుకుంటుంది. జులైలో మాను చుట్టూ గరుకు అట్టముక్క చుట్టి, చలికాలంలో తీసి కాల్చేస్తే చాలావరకు పోతుంది. స్కాబ్ శిలీంధ్రం రాలిన ఆకుల్లో చలికాలం గడుపుతుంది. ఆకులు ఊడ్చేయడమే మందు.

ఇక కోత. కాయను అరచేతిలో పట్టి పైకెత్తి కాస్త తిప్పితే తొడిమ దానంతట అదే వదలాలి. లాగవలసి వస్తే ఇంకా రోజులున్నాయి. అనుమానముంటే ఒక కాయను అడ్డంగా కోసి, మందుల దుకాణంలో దొరికే అయోడిన్ ద్రావణం పూయండి. పిండిపదార్థం ఉన్నచోట నీలి నలుపు వస్తుంది. పండుతున్నకొద్దీ పిండి చక్కెరగా మారుతుంది కాబట్టి మధ్యనుంచి తెలుపు విస్తరిస్తుంది. పరీక్ష చేసిన కాయ తినకూడదు.

యాపిల్ కోశాక కూడా పండుతూనే ఉంటుంది. మామిడికాయలను గడ్డిలో మాగబెట్టినప్పుడు పనిచేసే ఇథిలీన్ వాయువే ఇక్కడా పనిచేసేది. అందుకే దాచుకునే కాయలను ఒకదానికొకటి తగలకుండా కాగితంలో చుట్టి, చల్లటి చోట పరచాలి. ముందు పండే రకాలను వెనక పండే రకాలతో కలపకూడదు. సన్‌సెట్ సెప్టెంబరులో కోతకొచ్చి, జాగ్రత్తగా ఉంచితే చలికాలం దాకా ఉంటుంది.

డిస్కవరీ అలా ఆగదు. ఆగస్టు రెండో పక్షంలో పండుతుంది, రోజుల్లోనే దాని కరకర పోతుంది. పెద్ద దుకాణాలవాళ్లు దాన్ని ఎక్కువ కాలం అమ్మలేకపోవడానికి అదే కారణం. పెరట్లో చెట్టున్నవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. పొద్దున్నే, కాయ ఇంకా చల్లగా ఉన్నప్పుడు కోసి, తొక్క తీయకుండా అక్కడే నిలబడి తినండి.